మసీదు లేని ఊళ్లో మయ్యత్

శ్రీకాకుళం జిల్లాలో ముస్లింలు నూటికి ఒకరు కూడా ఉండరు. పట్నంలో 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఉంది కానీ, పల్లెల్లో ఊరికి రెండు మూడు ఇళ్లుంటే గొప్ప. అటువంటి ఒక ఊళ్లో భార్యను పోగొట్టుకున్న పెద్దాయన ఇంటికి, నలభయ్యో రోజున మయ్యత్‌ల, అంటే శవాల, అంత్యక్రియలు చూసుకునే పట్నం మయ్యత్ కమిటీ కుర్రవాడు వచ్చాడనుకోండి. ఇకపై ఎవరు పోయినా పట్నానికే తీసుకురావాలని కమిటీ నిర్ణయం. ఈ ఇద్దరినీ నేనే కల్పించాను. తగాదా మాత్రం కల్పన కాదు.

కుర్రవాడు: చాచా, ఒక్క ఫోను చేసి ఉంటే బండి పంపేవాళ్లం. ముప్పై కిలోమీటర్లే కదా! గుస్ల్‌కు గది ఉంది, శవానికి ఆ స్నానం చేయించే ఆడమనిషి ఉంది, ఒంటికి చుట్టే కఫన్ బట్ట కత్తిరించి సిద్ధంగా ఉంటుంది.

పెద్దాయన: అర్ధరాత్రి పోయింది బాబూ, పైగా వాన. ప్రభుత్వాసుపత్రిలో పోతే మహాప్రస్థానం బండి ఇస్తారు. ఇంట్లో పోతే ఎవరిస్తారు? అయినా మసీదు దేనికి? శవం ముందు చదివే జనాజా నమాజుకు అజాన్ లేదు, వంగే రుకూ లేదు, నుదురు నేలకు ఆనించే సజ్దా లేదు. నిలబడి అల్లాహు అక్బర్ అంటూ నాలుగు తక్బీర్లు. మనం పాటించే హనఫీ సంప్రదాయంలో మయ్యత్‌ను మసీదు లోపలికి తేవడమే మక్రూహ్, తగని పని. బయట వాకిట్లో చదివేదానికి అంత దూరం మోయాలా?

కుర్రవాడు: గోడల కోసం కాదు, మనుషుల కోసం. నలభై మంది నిలబడి దువా చేస్తే అల్లాహ్ ఆ సిఫారసు స్వీకరిస్తాడని ప్రవక్త చెప్పిన హదీసు ఉంది. మీ వెనక ఎంతమంది నిలబడ్డారు?

పెద్దాయన: ముగ్గురు. నా కొడుకు, పక్క ఊరి దూదేకుల సాయిబు, ఆయన మనవడు. ఊరు ఊరంతా చెరువు గట్టు మీద నిలబడింది. వాళ్లు లెక్కలోకి రారంటావు, సరే. జనాజా ఫర్జె కిఫాయా. ఒక్కడు చదివినా అందరి బాధ్యతా తీరిపోతుంది.

కుర్రవాడు: తీరుతుంది, కాదనను. చాచీకి గుస్ల్ ఎవరు చేయించారు?

(పెద్దాయన తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.)

పెద్దాయన: నేనే. దొడ్డి తలుపు ఊడదీసి ఇటుకల మీద పెట్టాం. చుట్టూ చీరలు కట్టాం. పక్కింటి ఆవిడ రేగాకు వేసి నీళ్లు కాచింది, చెంబుతో తనే పోసింది. దుప్పటి కప్పే ఉంచి, చేతికి గుడ్డ చుట్టుకుని, ముందు కుడివైపు, తరవాత ఎడమవైపు కడిగాను. ఆఖరిసారి నీళ్లలో కర్పూరం. అదీ ఆవిడ పూజగదిలోదే. ఐదు బట్టలు కావాలని తెలుసు. ఇంట్లో ఉన్నవి ఒక తెల్ల పంచె, రెండు దుప్పట్లు. వాటితోనే సరిపెట్టాను.

కుర్రవాడు: ఇబ్బందిలో ఆడవాళ్లకు మూడు బట్టలైనా చాలు. కానీ చాచా, భార్య భర్తకు గుస్ల్ చేయించవచ్చు గానీ భర్త భార్యకు చేయించకూడదన్నది హనఫీల మాట. తెలిసిన ఆడమనిషి లేనప్పుడు నీళ్లకు బదులు మట్టితో తయమ్మం చేయించాలి. లేదంటే మీరు చాటున ఉండి చెబుతూ ఉంటే ఆ పక్కింటి ఆవిడ చేతనే చేయించవలసింది.

పెద్దాయన: ప్రవక్త కూతురు ఫాతిమాకు భర్త అలీయే స్నానం చేయించారని మా చిన్నప్పుడు ఊరికొచ్చే ఫకీరు సాయిబు చెప్పేవాడు. షాఫయీ సంప్రదాయం వాళ్లు దాన్నే పట్టుకుంటారట. నలభై రెండేళ్లు కాపురం చేసినదాన్ని ఉత్త మట్టి రాసి పంపమంటావా? ఆ రాత్రి నాకు ఏ మజ్హబూ, ఏ సంప్రదాయమూ గుర్తు రాలేదు.

కుర్రవాడు: తప్పు పట్టడానికి రాలేదు. ఆ పని మీరు ఒంటరిగా చేయవలసి వచ్చిందే, మా బాధ అది.

(ఇంతవరకు నేను పెద్దాయన వైపే. కానీ కుర్రవాడు సంచిలోంచి ఒక కాగితం తీశాడు.)

కుర్రవాడు: చాచీని పెట్టిన నేల ఎవరిది?

పెద్దాయన: చెరువు వెనక బీడు. మా తాత కూడా అక్కడే ఉన్నాడు. మునసబు ఇచ్చాడు.

కుర్రవాడు: నోటిమాటగా ఇచ్చాడు. మునసబు, కరణం పదవులు 1984లో పోయాయి. ఇదిగో అడంగల్ నకలు. పోరంబోకు అని ఉంది, మన శ్మశానమని, ఖబరస్తాన్ అనే మాటే లేదు. 2025లో మన ధర్మ ఆస్తుల వక్ఫ్ చట్టం మారింది. ముందే రిజిస్టరు కాని నేలకు, ఎన్నాళ్లుగానో వాడుతున్నామని చెప్పి వక్ఫ్ అనిపించుకునే దారి మూసుకుపోయింది. బస్తర్ సంగతి విన్నారా? 2025 జనవరి 7న ఒక క్రైస్తవ పాస్టర్ చనిపోతే సొంత ఊళ్లో పూడ్చనివ్వలేదు. ఇరవై రోజులు శవం మార్చురీలోనే ఉంది. 27న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరొక మాట చెప్పారు. చివరకు ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవుల శ్మశానానికే తీసుకువెళ్లారు.

పెద్దాయన: ఆ ఇద్దరిలో ఒకరు సొంత పొలంలో పెట్టుకోమన్నారు కదా. మా ఊళ్లో అడ్డం వచ్చిన వాళ్లు లేరు, గొయ్యి తవ్వింది వాళ్లే. ఇసుక నేలలో పక్క గోడలోకి లహద్ గూడు తొలిస్తే కూలుతుందని నాకంటే వాళ్లకే బాగా తెలుసు. నడిమధ్యన తవ్వి, పైన తాటిచెక్కలు పరిచారు. తల ఉత్తరానికి, మొహం పడమరకు అని నేను ఒక్కసారి చెబితే సరిపోయింది.

కుర్రవాడు: ఇవాళ తవ్విన వాళ్లు మంచివాళ్లే. రేపు రీసర్వే రాయి పాతేవాడికి వాళ్ల మంచితనం రికార్డులో కనపడదు.

పెద్దాయన: అందుకని అందరినీ పట్నానికి మోసుకుపోతే, ఆ బీడు మనదని చెప్పడానికి అక్కడ ఎవరుంటారు? మీ తీర్మానం ఆ రాయి పాతేవాడి పనే తేలిక చేస్తుంది. ఉహుద్‌లో యుద్ధం చేసి పోయినవాళ్లను బంధువులు మదీనాకు మోసుకువస్తే, ప్రవక్త తిరిగి పడినచోటికే పంపించారు. మనిషి ఎక్కడ పోతే అక్కడే మట్టి.

కుర్రవాడు: (కాసేపు ఆగి) అది నేను ఆలోచించలేదు. కానీ కాగితం మాత్రం కావాలి చాచా. శ్మశానాలు చూసుకోవడం పంచాయతీ పనేనని 1994 చట్టంలోనే ఉంది. గ్రామసభలో తీర్మానం చేయించి, ఆ బీడును రికార్డుకెక్కించమని తహసీల్దారుకు అర్జీ పెట్టండి.

పెద్దాయన: అర్జీ నువ్వు రాయి, వేలిముద్ర నేను వేస్తాను. గట్టు మీద నిలబడిన వాళ్లందరి చేతా సంతకాలు చేయిస్తాను. బండి సంగతి పక్కన పెట్టి, గుస్ల్ తెలిసిన మీ ఆడమనిషిని పంపు. మా కోడలు నేర్చుకుంటుంది, పక్క ఊరి సాయిబు కూతురు కూడా.

కుర్రవాడు: శుక్రవారం పంపమంటారా?

పెద్దాయన: వద్దు, ఆ రోజు కోడలికి ఉపాధి పని, మస్టరు పోతుంది. ఆదివారం పంపు. ఐదు బట్టలకు సరిపడా తెల్ల గుడ్డ తెమ్మను, డబ్బు ఇస్తాను. పక్కింటి ఆవిడను కూడా కూర్చోబెడతాను. సగం పని ఆవిడకు ఇప్పటికే వచ్చు.