మూడో కిలోవాట్ ఎవరి కోసం?

ఇంటి మీద సోలార్ పెట్టించుకుంటే కరెంటు బిల్లు సున్నా అవుతుందని ప్రకటనలు ఊదరగొడుతున్నాయి. కొన్ని ఇళ్లలో నిజంగానే సున్నాకు దగ్గరగా వస్తుంది. కానీ దానికి ఎంత పెట్టాలి, పెట్టింది ఎన్నేళ్లకు తిరిగొస్తుంది, ఏ ఇంటికి గిట్టుతుంది, ఏ ఇంటికి గిట్టదు అన్న లెక్క ఎవరూ విప్పి చెప్పడం లేదు. సోలార్ అమ్మే వెండరుకు పెద్ద ప్లాంటు అమ్మితేనే లాభం కాబట్టి చెప్పడు. పై స్లాబులో బిల్లు కట్టే వినియోగదారు చేజారితే నష్టం కాబట్టి కరెంటు పంపిణీ సంస్థ, అంటే డిస్కం చెప్పదు. ఇక ప్రభుత్వాలకు ఎన్ని ఇళ్లకు పెట్టామన్న సంఖ్యే ముఖ్యం. లక్ష రూపాయలకు పైగా ఖర్చయ్యే పని మీద ఇంటాయనో ఇంటావిడో ఊహతో నిర్ణయం తీసుకోవాల్సి వస్తోంది.

2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం మంచిదే. 75,021 కోట్ల రూపాయల వ్యయంతో 2026-27 నాటికి కోటి ఇళ్లకు సోలార్ అందించాలన్నది లక్ష్యం. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18 వేల రాయితీ ఇస్తారు. అంటే గరిష్ఠంగా 78 వేలు. 3 కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండా తక్కువ వడ్డీకి బ్యాంకు రుణం దొరుకుతుంది. రాయితీ కావాలంటే దేశంలో తయారైన సెల్స్, ప్యానెళ్లే వాడాలి, వాటి ధర దిగుమతి సరుకు కంటే ఎక్కువే. సోలార్ పరికరాలపై జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించడం కొంత ఊరట.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 300 యూనిట్లు వాడే ఇంటిని తీసుకుందాం. ఒక ఏసీ, ఫ్రిజ్, నాలుగు ఫ్యాన్లున్న మధ్యతరగతి ఇల్లు. 2025-26 టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, ఆపైన 400 వరకు 8.75. మొత్తం కరెంటు చార్జీ 1,673 రూపాయలు. మన దగ్గర ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు 120 దాకా ఇస్తుంది. మొదటి కిలోవాట్ పెట్టగానే, వాడిన యూనిట్లలోంచి ప్యానెల్ ఇచ్చినవి తీసేసే నెట్ మీటరు లెక్కలో ఇంటి వాడకం 180కి దిగుతుంది. 8.75 స్లాబు పూర్తిగా పోయి, నెలకు 926 రూపాయలు మిగులుతాయి. రెండో కిలోవాట్‌తో వాడకం 60కి వస్తుంది, మరో 600 మిగులుతాయి. ఇక మూడోది? మిగిలిన 60 యూనిట్లకు మనం కడుతున్నది 147 రూపాయలే. ఆ మూడో కిలోవాట్ ఇచ్చే 120 యూనిట్లలో సగం ఆ 147 రూపాయలను ఆదా చేస్తే, మిగతా సగం మిగులుగా గ్రిడ్‌లోకి పోతుంది. ఆ మిగులుకు డిస్కం ఇచ్చే రేటు మనం కొనే పై స్లాబుల రేటుకు దరిదాపుల్లో కూడా ఉండదు.

మూడో కిలోవాట్‌కు రాయితీ తక్కువ, రాబడి మరీ తక్కువ. అయినా మార్కెట్లో అందరూ అంటగడుతున్నది 3 కిలోవాట్ల ప్లాంటే. 78 వేలు అన్న అంకె అంత ఆకర్షణీయంగా ఉంది మరి. 150 నుంచి 300 యూనిట్లు వాడే ఇంటికి 2 నుంచి 3 కిలోవాట్లు సరిపోతాయని పథకం పోర్టల్ చెబుతోంది. ఆ రెండుకీ మూడుకీ మధ్య జేబులోంచి పోయే సొమ్ము ఎంతో, తిరిగొచ్చేది ఎంతో మాత్రం చెప్పదు. రేపు రెండో ఏసీ పెట్టుకునే ఆలోచనో, ఎలక్ట్రిక్ స్కూటరు కొనే ఆలోచనో ఉంటే 3 కిలోవాట్లు సబబే. లేకపోతే 2 చాలు. 2 కిలోవాట్ల ప్లాంటుకు ఊరును బట్టి, స్టాండు ఎత్తును బట్టి లక్షా పాతిక వేల నుంచి లక్షన్నర వరకు అవుతుంది. 60 వేల రాయితీ పోగా సొంతంగా పెట్టేది 65 వేల నుంచి 90 వేలు. ఏడాదికి 18 వేల పైచిలుకు ఆదా అవుతుంటే నాలుగు, అయిదేళ్లలో పెట్టుబడి తిరిగొచ్చేస్తుంది. ప్యానెళ్లకు పాతికేళ్ల వారంటీ ఉంటుంది కనుక ఇది మంచి బేరమే. మధ్యలో ఒకసారి ఇన్వర్టరు మార్చాల్సి రావచ్చు, ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

అదే నెలకు 100 యూనిట్లు వాడే ఇంటికి ఈ బేరం కుదరదు. అక్కడ కరెంటు చార్జీ 304 రూపాయలే. ఒక కిలోవాట్ పెట్టి దాన్ని పూర్తిగా తుడిచేసినా ఏడాదికి మిగిలేది 3,650. రాయితీ పోగా చేతి నుంచి 40 వేల దాకా పెట్టాలి. అది తిరిగి రావడానికి పదకొండేళ్లు. పైగా ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ ఎలాగూ కట్టాల్సిందే. అలాంటి ఇంట్లో ముందు మార్చాల్సింది ఫ్యాన్లు. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగుతుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాను మీద నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. రెండు ఫ్యాన్లు మార్చడానికి అయ్యేది ఆరు వేలు, మిగిలేది 40 యూనిట్లు. సోలార్ మీద మాట్లాడే ఏ అధికారి నోటా ఈ మాట వినపడదు.

తెలంగాణలో చిక్కు ఇంకోరకం. అక్కడ 200 యూనిట్లు దాటగానే స్లాబులు తిరగబడతాయి. 200 యూనిట్లకు 820 రూపాయలైతే, 201వ యూనిట్‌తో బిల్లు 1,027 దాటుతుంది. మొదటి యూనిట్ నుంచే 5.10 చొప్పున లెక్కేస్తారు కనుక. 350 యూనిట్ల ఇంటికి కరెంటు చార్జీ 2,240 రూపాయలు. 2 కిలోవాట్లు పెడితే 110 యూనిట్లకు దిగి 388 అవుతుంది. ఏడాదికి 22 వేల ఆదా. ఏసీలు నడిచే హైదరాబాద్, వరంగల్ ఇళ్లకు ఇది మంచి లాభం దక్కే టారిఫే. ఆ కుటుంబాలకు ఈ సంగతి చెప్పేవాళ్లే కరువు.

కానీ 2024 నుంచి రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల వరకు ఉచితం. బిల్లు సున్నా వచ్చే ఇంటివాళ్లు డాబా మీద ప్యానెల్ ఎందుకు పెట్టుకుంటారు? ఒక చేత్తో కేంద్రం సోలార్‌కు రాయితీ ఇస్తుంటే, ఇంకో చేత్తో రాష్ట్రం దాని అవసరాన్నే తీసేస్తోంది. గృహజ్యోతిని తప్పు పట్టడం మా ఉద్దేశం కాదు. కూలికి పోయే ఇంట్లో బిల్లు భయం లేకపోవడం చిన్న విషయమేమీ కాదు. అయితే నెలకు 200 యూనిట్లు వాడే కుటుంబం తరఫున ప్రభుత్వం డిస్కంకు ఏటా కట్టేది దాదాపు పదివేలు. ఆ సొమ్ములో ఏడు నుంచి తొమ్మిదేళ్ల భాగం ఒకేసారి పెడితే, కేంద్ర రాయితీ కలుపుకొని ఆ ఇంటి మీద 2 కిలోవాట్లు వచ్చేస్తాయి. తర్వాత పదహారేళ్లపాటు ఖజానాకు ఆ భారం ఉండదు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సొంతూరు కొండారెడ్డిపల్లిలో ఊరంతా సోలార్ పెట్టి చూపించారు. ఒక ఊరికి ఇచ్చిన శ్రద్ధ జిల్లాకు ఇవ్వగలరా అన్నదే ప్రశ్న.

ఆంధ్రప్రదేశ్ ఈ దారిలో ఒక అడుగు ముందుంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్లు పూర్తి ఉచితం, బీసీలకు కేంద్ర రాయితీ మీద మరో 20 వేలు. ముఖ్యమంత్రి చంద్రబాబు స్వగ్రామం నారావారిపల్లెలోనూ, కుప్పంలోనూ ముందుగా చేసి చూశారు. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు ఇప్పటికే నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత కరెంటు ఇస్తున్న రాష్ట్రానికి ఇది దానం కాదు, తెలివైన పెట్టుబడి. ఆ 200 యూనిట్ల ఖరీదు నెలకు 867 రూపాయలు, ఏడాదికి పదివేల పైనే. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. ఒకటి, చిన్న ఇంటి రేకుల కప్పు మీద 200 చదరపు అడుగుల నీడపడని చోటు దొరకదు. ఊరుమ్మడి స్థలంలో ప్లాంటు పెట్టి యూనిట్లు ఇంటింటికీ పంచే పద్ధతి అక్కడ కావాలి. రెండు, టెండరు దక్కించుకున్న సంస్థ అయిదేళ్లు నిర్వహణ చూడాలన్న నిబంధన కాగితంలో ఉంటే చాలదు. మన ఊళ్లలో సోలార్ వీధిదీపాలు ఎన్ని ఇంకా వెలుగుతున్నాయో చూస్తే ఈ భయం ఎందుకో తెలుస్తుంది.

అపార్టుమెంట్ల సంగతి పూర్తిగా పక్కన పడిపోయింది. విజయవాడలో, విశాఖలో, హైదరాబాద్‌లో మధ్యతరగతిలో సగం మంది ఫ్లాట్లలోనే ఉన్నారనిపిస్తుంది. టెర్రస్ అందరిదీ, మీటర్లు ఎవరివి వాళ్లవి. వర్చువల్ నెట్ మీటరింగ్ అంటే ఒకే ప్లాంటు యూనిట్లను అనేక మీటర్లకు వాటాల ప్రకారం జమ చేయడం. సూర్యఘర్ నిబంధనలు దాన్ని అనుమతిస్తున్నాయి. కానీ డిస్కం సెక్షన్ ఆఫీసుకు వెళ్లి అడిగితే ఆ పేరు విన్నవాళ్లు దొరకడమే కష్టం. లిఫ్టు, మోటారు, వరండా లైట్ల ఉమ్మడి మీటరుకైనా అసోసియేషన్లు కిలోవాట్‌కు 18 వేల రాయితీ తీసుకోవచ్చు. ఆ విషయం కూడా చాలామంది అధ్యక్షులకు, కార్యదర్శులకు తెలియదు. అద్దె ఇళ్లవాళ్లకు ఈ పథకం అక్కరకు రావడం కష్టం. బిల్లు కట్టేది వాళ్లు, కప్పు యజమానిది.

కాగితాల దగ్గర ఆగిపోయే దరఖాస్తులూ తక్కువేం కావు. ఇల్లు కొడుకుదే, కరెంటు సర్వీసు మాత్రం ఎప్పుడో కాలం చేసిన తాత పేరు మీద ఉంటుంది. పేరు మార్పిడి కోసం లీగల్ హెయిర్ సర్టిఫికెట్ అడుగుతారు. 10 కిలోవాట్ల వరకు సాధ్యాసాధ్యాల పరిశీలన అక్కర్లేదని, ప్లాంటు పెట్టాక 15 రోజుల్లో నెట్ మీటరు బిగించి కనెక్షన్ ఇవ్వాలని 2024లో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. 5 కిలోవాట్ల వరకు లైను బలోపేతం ఖర్చు డిస్కందే. ఆ నిబంధనను వినియోగదారుడే డిస్కం ఇంజినీరు (ఏఈ)కి చదివి వినిపించాల్సిన పరిస్థితి ఉండకూడదు.

కొన్న తర్వాత తెలిసే సంగతులు ముందే చెప్పాలి. బ్యాటరీ లేని ప్లాంటు కరెంటు పోగానే ఆగిపోతుంది, లైను మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికి ముప్పు రాకూడదని. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తుండగా ఫ్యాను తిరగకపోతే వెండరును తిట్టుకునే జనం ఎందరో. ఎండ ముదిరితే కరెంటు ఎక్కువ వస్తుందనుకోవడం ఇంకో భ్రమ. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో ప్యానెల్ 65 డిగ్రీలకు కాగితే దాని సామర్థ్యం ఏడో వంతు దాకా పడిపోతుంది. నీళ్ల ట్యాంకు నీడ ఒక ప్యానెల్ మీద పడినా వరుస మొత్తం నెమ్మదిస్తుంది. తీరప్రాంతంలో స్టాండు గట్టిదనం మీద బేరమాడకూడదు, 2014 హుద్‌హుద్‌ను చూసిన విశాఖవాసులకు ఇది చెప్పక్కర్లేదు.

వేన్నీళ్ల హీట్ పంపుల మాట కూడా ఈ మధ్య వినపడుతోంది. ఏసీని తిరగేసి వాడినట్టే, బయటి గాలిలోని వేడిని తెచ్చి నీళ్లకు ఇస్తాయి. వంద లీటర్లు కాయడానికి గీజరుకు 2.3 యూనిట్లు పడితే వీటికి ముప్పావు యూనిట్ చాలు. హాస్టళ్లకు, హోటళ్లకు, ఆసుపత్రులకు ఇవి తప్పక పెట్టించాలి. నాలుగు నెలల చలికి మాత్రమే గీజరు వేసే ఇంట్లో ఏడాదికి వెయ్యి, పదిహేను వందలకు మించి మిగలదు. హీట్ పంపు ధరకు అది గిట్టుబాటు కాదు. చలి దేశాల్లో ఇల్లంతా వేడెక్కించే హీట్ పంపులతో వచ్చే ఆదాను చూపి ఇక్కడ అమ్మజూపితే నమ్మనక్కర్లేదు.

రాయితీ శాశ్వతం కాదన్నది అమెరికాలోని మన తెలుగువాళ్లకు ఇప్పటికే అనుభవమైంది. ఇంటి సోలార్ ఖర్చులో 30 శాతం పన్ను తగ్గింపు 2032 దాకా ఉంటుందని నమ్మినవాళ్లకు, 2025 జులైలో వచ్చిన చట్టం ఆ ఏడాది డిసెంబరు 31తోనే ముగింపు పలికింది. హీట్ పంపుల మీద ఇచ్చే 2 వేల డాలర్లూ దాంతోపాటే పోయాయి. సూర్యఘర్ గడువూ 2026-27 వరకే.

ఈలోగా చేయగలిగిన పనులున్నాయి. డిస్కంల దగ్గర ప్రతి ఇంటి పన్నెండు నెలల వాడకం లెక్క ఉంది. ఎన్ని కిలోవాట్లు పెడితే ఎంత మిగులుతుందో, ఎన్నేళ్లకు సొమ్ము తిరిగొస్తుందో బిల్లు వెనకే ముద్రించమని రెండు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లు ఆదేశించాలి. గిట్టని ఇంటికి గిట్టదనే రాయాలి. మిగులు యూనిట్లకు ఇచ్చే ధర, 15 రోజుల గడువు దాటితే డిస్కం చెల్లించాల్సిన పరిహారం అదే కాగితం మీద తెలుగులో ఉండాలి. వచ్చే టారిఫ్ ఉత్తర్వుల ముందు జరిగే బహిరంగ విచారణల్లో ఈ డిమాండును వినియోగదారుల సంఘాలు, అపార్టుమెంట్ అసోసియేషన్లు రాతపూర్వకంగా పెట్టాలి.