ఆసుపత్రి బోర్డులో ఆ ఒక్క కుర్చీ

బెంగళూరు పెద్దాసుపత్రుల ఓపీలో కాసేపు కూర్చుంటే హిందూపురం, మదనపల్లె యాస చెవిన పడుతుంది. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించే కాగితం మాత్రం చాలాసార్లు ఇంగ్లీషులోనో కన్నడలోనో ఉంటుంది. వేలిముద్ర వేసే తల్లికి అందులో ఏముందో చెప్పేది పక్క బెడ్డు వాళ్ల అబ్బాయి. తప్పు కౌంటర్‌లోని పిల్లదనుకుంటాం. తెలుగు ఫారాలకు, దుబాసీలకు డబ్బు కేటాయించాల్సింది బోర్డు.

ఆ బోర్డులో ఎవరుండాలో చట్టం చెప్పేది కొంచెమే. 2013 కంపెనీల చట్టం కింద లిస్టెడ్ (స్టాక్ మార్కెట్లో షేర్లు నమోదైన) కంపెనీల్లో, 100 కోట్ల మూలధనం లేదా 300 కోట్ల టర్నోవర్ ఉన్న పబ్లిక్ కంపెనీల్లో ఒక మహిళా డైరెక్టర్ ఉండాలి. కంపెనీని నడిపించే ప్రమోటరు భార్యయినా కోడలైనా లెక్క సరిపోతుంది. బయటి మహిళే, అంటే స్వతంత్ర డైరెక్టరే, కావాలన్నది స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. 2020 ఏప్రిల్ నుంచి అది వర్తించేది మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకు. ప్రైవేట్ లిమిటెడ్‌లకు, ట్రస్టు ఆసుపత్రులకు ఈ బెడదే లేదు. ఇంటివాళ్ల సమర్థతతో పేచీ లేదు. కానీ వాళ్ల అభ్యంతరం మినిట్స్‌కు ఎక్కకముందే భోజనాల దగ్గర తేలిపోతుంది.

కంపెనీల చట్టం ప్రకారం ఖాళీ వస్తే 3 నెలల్లో, లేదా తర్వాతి బోర్డు సమావేశానికల్లా, ఏది ఆలస్యమైతే ఆలోపు నింపాలి. వెతుకులాట అప్పుడు మొదలుపెడితే దొరికేవి ఛైర్మన్ ఫోన్‌లో ఉన్న పేర్లే. స్వతంత్ర డైరెక్టర్ పదవీకాలం ఒక విడతకు గరిష్ఠంగా 5 ఏళ్లు, ముగిసే తేదీ ముందే తెలుసు. కనుక డైరెక్టర్ల పేర్లు సూచించే నామినేషన్ కమిటీ ఏడాది ముందే జాబితా కట్టాలి. వార్షిక నివేదికలో అచ్చయ్యే నైపుణ్యాల పట్టికలో ఫైనాన్స్, న్యాయం పక్కన నర్సింగ్ గడి కూడా చేర్చాలి. గత 3 ఆర్థిక సంవత్సరాల్లో సొంత ఆసుపత్రిలో ఉద్యోగం చేసినవాళ్లు స్వతంత్ర డైరెక్టర్ కాలేరు. ప్రభుత్వాసుపత్రుల్లో రిటైరైన నర్సింగ్ సూపరింటెండెంట్లను అడగొచ్చు.

అలాంటి నర్సును తెచ్చి కూర్చోబెట్టి, సామాజిక సేవా ఖర్చు చూసే సీఎస్సార్ కమిటీ అప్పగిస్తే పని జరగదు. జమాఖర్చులు తనిఖీ చేసే ఆడిట్ కమిటీలో వేయాలి. సమావేశపు కాగితాలు 7 రోజుల ముందే చేరాలి, ముందురోజు రాత్రి 300 పేజీల పీడీఎఫ్‌గా కాదు. కంపెనీలు ఒక్కో సమావేశానికి లక్ష దాకా సిట్టింగ్ ఫీజు ఇవ్వొచ్చు. గౌరవ సభ్యత్వమే అంటే పింఛను మీద బతికే నర్సు రాలేదు, తీరిక ఉన్న శ్రీమంతులే వస్తారు.

వచ్చినావిడ ముందు పెట్టాల్సిన మొదటి కాగితం లామా కేసుల లెక్క, అంటే డాక్టరు వద్దన్నా వెళ్లిపోయినవాళ్లది. దాన్ని ఆడా మగా, మాతృభాష, నగదా బీమానా అని విడగొట్టి ఇవ్వాలి. డబ్బు చాలక వెళ్లారా, చెప్పింది అర్థంకాక వెళ్లారా అని వార్డులో ముప్పై ఏళ్లు తిరిగిన మనిషి తప్పక అడుగుతుంది.