పలాస తూకం లెక్క ఏ కోర్సులో చెబుతారు?

ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనైనా, విజయనగరం జేఎన్‌టీయూ గురజాడలోనైనా మూడో ఏడాదికి వచ్చిన విద్యార్థిని తొలిచే ప్రశ్న ఒకటే: ఏం నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది? ప్రోగ్రామింగ్ భాషలు, ఫ్రేమ్‌వర్క్‌ల వంటి టూల్స్ ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, ముందు సమస్య సాధించే బుర్ర ఉండాలంటారు కొందరు. బుర్ర సంగతి సరే, వెబ్ స్క్రీన్లు కట్టే రియాక్ట్ రాదంటే ఇంటర్వ్యూకే పిలవరంటారు ఇంకొందరు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు రెండో మాట మీద బతుకుతున్నాయి, కోడింగ్ పోటీల సైట్లు మొదటి మాట మీద. ఎవరి సరుకు వాళ్లు అమ్ముకుంటున్నారు.

పలాసలో ఒక జీడి వ్యాపారికి స్టాక్ సాఫ్ట్‌వేర్ రాయాలనుకుందాం. పిక్కలు 80 కిలోల బస్తాల్లో వస్తాయి. పెంకు కొట్టి, పొట్టు వలిచాక చేతికందే పప్పు ఇంచుమించు పావు వంతు. అదీ ఒక్క సరుకుగా రాదు. గుండు వేరు, బద్ద వేరు, నూక వేరు. గుండులో మళ్లీ డబ్ల్యూ 180, 240, 320 అని గ్రేడ్లు. పౌనుకు ఎన్ని గుండ్లు తూగుతాయో ఆ అంకె చెబుతుంది కాబట్టి, అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది, ధర తక్కువ.

టూల్ మాత్రమే తెలిసిన కుర్రాడు సరుకు, బరువు, రేటు అని మూడు గడుల టేబుల్ కట్టేసి స్క్రీన్‌కు రంగులు అద్దుతాడు. షావుకారు అడిగేది మాత్రం, "పిక్క అంత పోస్తే పప్పు ఇంతేనేటి బాబూ?" అని. తేమకు ఎంత పోయింది, ఏ లాట్‌లో నూక ఎక్కువ పడింది అన్నది ఆయనకు కావాలి. లోపలికి ఒక్కటిగా వెళ్లిన సరుకు బయటికి అయిదారు సరుకులుగా వస్తుందని, దారిలో బరువు తరుగుతుందని గ్రహిస్తే తప్ప ఆ టేబుళ్లు కుదరవు. ఈ గ్రహింపు ఫ్రేమ్‌వర్క్ (సాఫ్ట్‌వేర్ కట్టడానికి ముందే సిద్ధంచేసిన కోడు చట్రం) కోర్సులో రాదు. నన్నడిగితే కోడింగ్ పోటీల్లోనూ రాదు. అక్కడ సమస్యను ఎవరో శుభ్రంగా రాసి, ఇన్‌పుట్ హద్దులతో సహా చేతిలో పెడతారు. పలాసలో దాన్ని మనమే షావుకారు మాటల్లోంచి ఏరుకోవాలి.

అలాగని బుర్ర పక్షంవాళ్లు సంబరపడనక్కర్లేదు. జావాస్క్రిప్ట్ భాషలో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ దశాంశాలను బైనరీలో దాచే తీరే అంత. డబ్బు లెక్కను అలా దాచితే పద్దులో పైసలు కలవకుండా పోతాయి. రూపాయల్ని పైసల పూర్ణాంకంగానో, డెసిమల్ రకంలోనో దాచాలి. ఏళ్ల తరబడి లావాదేవీలు పేరుకున్నాక రిపోర్టు నత్తనడక నడిస్తే, డేటాబేస్ టేబుల్ మొత్తాన్నీ చదువుతోందా, పుస్తకం చివరి పదసూచిక లాంటి ఇండెక్స్ వాడుకుంటోందా అని 'ఎక్స్‌ప్లెయిన్' అనే కమాండ్ పెట్టి చూడటం తెలియాలి. ఇవి ఎంత తెలివైనవాడికైనా కూర్చుని ఆలోచిస్తే తట్టవు. ఒక టూల్‌ను అడుగుదాకా తవ్వినవాడికే తెలుస్తాయి.

ఏ టూల్‌ను తవ్వాలన్నది అసలు పేచీ. 2010లో వచ్చిన యాంగులర్‌జేఎస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ను నేర్చినవాళ్లు, 2016లో దాన్నే తిరగరాసి కొత్త యాంగులర్‌గా తెచ్చినప్పుడు మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. పాతదానికి 2021 చివరితో మద్దతు ఆగిపోయింది. వెబ్‌పేజీల్లో బొమ్మలు ఆడించిన ఫ్లాష్‌కు 2020తోనే నూకలు చెల్లాయి. 1970లలో పుట్టిన డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్ మాత్రం ఇప్పటికీ బ్యాంకుల్లోనూ ఫోన్లలోనూ పనిచేస్తోంది. డేటాబేసులు, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్క్ వంటివి నెమ్మదిగా ముసలివవుతాయి. ముందు వాటిమీద కష్టపడటమే లాభమని నా లెక్క. పైపై ఫ్రేమ్‌వర్క్ కోడు ఇప్పుడు చాట్‌జీపీటీ కూడా రాసిపెడుతుంది. తరుగు సంగతి అడిగితేనే రాస్తుంది, అడగాలని తెలియాల్సింది మనకు.

మినహాయింపు ఒకటుంది. పెద్ద సర్వీస్ కంపెనీలు క్యాంపస్‌లో తీసుకుని తామే శిక్షణ ఇస్తాయి, ఏ ప్రాజెక్టులో వేస్తాయో చేరేదాకా తెలియదు. పదిమంది పనిచేసే చిన్న సంస్థకు అంత ఓపిక ఉండదు, చేరిన వారానికే కోడు కావాలి. అక్కడికి వెళ్లేవాళ్లు ఆ సంస్థ వాడే ఫ్రేమ్‌వర్క్ నేర్చుకునే వెళ్లాలి.

కాలేజీలు చేయగలిగింది కూడా ఉంది. ఫైనలియర్ ప్రాజెక్టంటే డబ్బిచ్చి కొన్న లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అయిపోయిన చోట, పలాస జీడి బట్టీకో, పొందూరు ఖద్దరు నేతగాళ్లకో, బొబ్బిలిలో ఒక కిరాణా కొట్టుకో ఏదైనా రాయమని పంపాలి. వైవాలో ఏ టెక్నాలజీ వాడావని అడిగేముందు, దాన్ని నెలరోజులు వాడినవాళ్లు ఏం మార్చమన్నారో అడగాలి.