ప్రమాదాలన్నీ ముందే గుర్తించాం

మా అమ్మాయి చదివే స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లల్ని కార్తీక వనభోజనానికి కృష్ణ అవతల ఒక తోటకి, పడవ మీద తీసుకెళ్లాలనుకున్నారు. ముందుజాగ్రత్తగా ప్రమాదాలను గుర్తించే కమిటీ వేసి, తల్లిదండ్రుల తరఫున నన్ను కూర్చోబెట్టారు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ గురించి కూడా బెజవాడలో ఎవరూ ఇంత ముందుచూపుతో ఆలోచించి ఉండరు.

మొదటి ప్రమాదాన్ని ప్రిన్సిపాల్ గారే గుర్తించారు. బస్సులో ఆడపిల్లలూ మగపిల్లలూ పక్కపక్కన కూర్చోవడం. అందరి ముఖాల్లోనూ రక్తం ఇంకిపోయింది. వెంటనే బోర్డు మీద బస్సు బొమ్మ గీశారు. ముందు ఆడపిల్లలు, వెనక మగపిల్లలు, మధ్యలో ఒక వరుస ఖాళీ. ఆ ఖాళీలో పీఈటీ సార్, అదీ వెనక్కి తిరిగి. ప్రతి సీటుకీ నంబరు, ప్రతి నంబరుకీ పేరు. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లున్నాయి గానీ, ఈ బస్సుకున్నంత కట్టుదిట్టం దానికి కూడా లేదు. గంటంబావు పట్టింది.

రెండో ప్రమాదం టీషర్టు రంగు. పసుపు వద్దన్నారు, నీలం వద్దన్నారు, ఎరుపు వద్దన్నారు, కాషాయం అసలే వద్దన్నారు. ఎందుకో ఈ ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. చివరికి బూడిద రంగు ఖాయమైంది. ఏ పార్టీకీ చెందదు. నీళ్లలో పడితే కనిపించదు కూడా, కానీ ఆ మాట నేను పైకి అనలేదు.

లైఫ్ జాకెట్లు ఎన్ని ఉంటాయో కనుక్కున్నారా అని మాత్రం అడిగాను.

"శుభమా అని వెళ్తుంటే ఏంటి సార్ ఆ మాటలు?" అన్నారు కరస్పాండెంట్ గారు. 2017 నవంబరు 12న, ఇలాగే కార్తీకంలో, పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారని గుర్తుచేశాను. అది పర్మిషన్ లేని పడవట. మనం ఎక్కేది పర్మిషన్ ఉన్నదట. కృష్ణమ్మ కాగితాలు చూసే ముంచుతుందని నాకప్పుడే తెలిసింది. 2014 జూన్‌లో పైన డ్యాం నీళ్లు వదిలితే బియాస్ నదిలో 24 మంది ఇంజినీరింగ్ పిల్లలు కొట్టుకుపోయారు కదా అన్నాను. "అది హిమాచల్ సార్, మనకి సంబంధం లేదు" అని మినిట్స్‌లో రాసుకున్నారు.

ఇక మూడోదీ అసలైనదీ తల్లిదండ్రులు. రేపు ఏదైనా జరిగితే వచ్చి అడుగుతారు. అందుకని ఒక అంగీకార పత్రం తయారైంది. 'ఏం జరిగినా యాజమాన్యానికి ఎలాంటి బాధ్యతా లేదు.' తడిసి పాడవకుండా వాటికి లామినేషన్ చేయించారు. పిక్నిక్ మొత్తంలో నీళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన పని ఇదొక్కటే.

ఘాట్ దగ్గర జాకెట్లు ఇచ్చారు. నిజానికి జాకెట్‌ని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి, గడ్డం దాటి రాకూడదు. మా అమ్మాయిది లాగితే చెవుల దాకా వచ్చింది. బకిల్ ఉండాల్సిన చోట నైలాన్ తాడు ముక్క, దానికి రెండు ముళ్లు. పక్కనున్న పిల్లాడికి అదీ లేదు. "మీరిద్దరూ దగ్గరదగ్గరగా కూర్చోండి" అన్నాడు పడవవాడు. ప్రిన్సిపాల్ గారు పరుగెత్తుకుంటూ వచ్చి వాళ్లిద్దరినీ విడదీసి, పిల్లాణ్ణి పడవ చివరికి పంపించారు.

పిల్లల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. పులిహోర పొట్లాలు మాత్రం రెండుసార్లు లెక్కపెట్టారు. అందరూ తిన్నాక ఒకటి మిగిలింది. ఎవరి పొట్లమా అని ఎవరికీ అనుమానం రాలేదు. సాయంత్రం ఇవతలికి వచ్చాక దాన్ని బస్సు డ్రైవర్‌కి ఇచ్చారు.

"నాకెందుకండీ, వెనకాల పడుకున్న బాబుకి పెట్టండి, పొద్దుట్నుంచీ ఏమీ తిన్లేదు" అన్నాడతను.

బాబు 43వ నంబరు సీట్లో ఉన్నాడు. ప్రిన్సిపాల్ గారు చార్టు తీసి చూసుకుని స్థిమితపడ్డారు. అతని సీటు అదే.