అత్తగారి తలంటు, రీసెట్ బటన్

న్యూజెర్సీలో భోగి తెల్లవారుజాము. నేలకి తగలగానే గడ్డకట్టే వాన. మంటకి దుంగలున్నాయి, చీల్చినవి లేవు. అల్లుడుగారు కరెంటుతో దుంగలు చీల్చే మెషీన్‌ని పెరట్లోకి లాక్కొచ్చారు. వానలో వాడొద్దని దాని మీదే స్టిక్కరుంది. స్టిక్కరు మీద మంచు పేరుకుంది.

మిగతావన్నీ పద్ధతిగానే జరిగాయి. ఆయిల్ ట్యాంకుకి గాలి ఆడనిచ్చే స్క్రూ మూడు నాలుగు చుట్లు వదులు చేశారు. బిగించే నడిపితే ఆయిల్ సీళ్లు తన్నుకుపోతాయి. చలికి హైడ్రాలిక్ ఆయిల్ చిక్కబడుతుంది కాబట్టి దుంగ పెట్టకుండా కాసేపు ఉత్తినే తిప్పారు. పదిహేను యాంపుల మోటారుకి సన్న వైరు వేడెక్కుతుందని 12 గేజ్‌ది, యాభై అడుగులది వేశారు. ఒక చెయ్యి స్విచ్చు మీద, ఒకటి లివరు మీద ఉంటేనే మెషీన్ కదులుతుంది. వేళ్లు మిగలాలని ఆ ఏర్పాటు. గొడుగు మామగారు పట్టారు, తన మీద.

వైరు జాయింటు మాత్రం నీటిగుంటలో పడుంది. కరెంటు ఐదు మిల్లీయాంపులు లీకైతే చాలు, జీఎఫ్‌సీఐ, అంటే షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసే ప్లగ్గు, ట్రిప్ అవుతుంది. అయింది.

బయటి ప్లగ్గుకి రీసెట్ బటన్ లేదు. అది మేడమీద బాత్రూంలో ఉంది! 1973లో ఆరుబయట ప్లగ్గులకీ, 1975లో బాత్రూంలకీ ఈ రక్షణ తప్పనిసరి చేశారు. అప్పట్లో అది ఖరీదైన వస్తువు. ఇల్లు కట్టినాయన నాలుగు డబ్బులు మిగుల్చుకుందామని ఒక్కటే కొని బాత్రూంలో బిగించి, పెరటి ప్లగ్గుని దాని తోకకి కట్టాడు. రూలు ప్రకారం తప్పు కాదట. ఆ మహానుభావుడు భోగినాడు ఆ బాత్రూం ఎవరి అధీనంలో ఉంటుందో ఆలోచించలేదు.

“అత్తయ్యగారూ, అద్దం పక్కన రెండు బుల్లి బటన్లున్న ప్లగ్గు కనిపిస్తోందా?”

“కళ్లనిండా కుంకుడు రసం బాబూ! అద్దమే కనిపించట్లేదు.”

“రీసెట్ అన్నది నొక్కాలండీ. తడి చేత్తో మాత్రం వద్దు.”

“తలంటులో పొడి చెయ్యి ఎక్కణ్ణించి తెమ్మంటారు?”

ముందు వైరు ఊడదీసి, జాయింటు తుడిచి ఆరబెట్టి, ఇటుక మీదికెత్తి, ప్లగ్గు దగ్గర వైరుని కిందికి వంచి వదలాలి. నీళ్లు ఆ వంపులోంచి కారిపోతాయి. అసలైతే వాన తగ్గేదాకా ఆగాలి. ఇదంతా తెలిసిన మామగారు గొడుగు కింద పంచాంగం గురించి మాట్లాడుతున్నారు.

అత్తగారు తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని నొక్కారు. టక్. వెంటనే మళ్లీ టక్.

“అత్తయ్యగారూ...”

లోపల కుళాయి ఇంకాస్త గట్టిగా తిప్పిన చప్పుడు.