పేరు ఆమెది, బతుకు ఎవరిదో

2023 జనవరి 24, మంగళవారం సాయంత్రం తెలుగువాళ్లంతా ఫోన్లకు అతుక్కుపోయారు. 'నాటు నాటు' ఆస్కార్ తుది జాబితాకు ఎక్కుతుందా లేదా అన్నదే టెన్షన్. ఎక్కింది. కీరవాణికి, చంద్రబోస్‌కు ఊరూరా అభినందనలు, టపాసులు. సంబరం చేసుకున్నాం, చేసుకోవాల్సిందే. కానీ అదే జాబితాలో, ఉత్తమ నటి విభాగంలో కనిపించిన ఒక పేరు మాత్రం మింగుడుపడటం లేదు. అనా డె అర్మాస్. సినిమా 'బ్లాండ్'. 1950ల హాలీవుడ్ తార మార్లిన్ మన్రో పేరు పెట్టుకుని, మన్రో బతకని బతుకును రెండుమ్ముప్పావు గంటలు చూపించిన సినిమా. ముందు రోజే వచ్చిన చెత్త సినిమాల అవార్డుల జాబితాలో, అంటే రాజీల్లో, అందరికంటే ఎక్కువగా ఎనిమిది నామినేషన్లు దీనికే దక్కాయి. ఒక రోజు తేడాతో చెత్తకుండీలోకి, పూజగదిలోకి ఒకేసారి వెళ్లిన ఘనత దీనిదే కాబోలు.

ఈ సినిమా సంగతి 2022 సెప్టెంబరు నుంచీ పాఠకులు వింటున్నదే. నెట్‌ఫ్లిక్స్ డబ్బు, ఆండ్రూ డొమినిక్ దర్శకత్వం, 2000లో వచ్చిన జాయిస్ కెరోల్ ఓట్స్ నవల ఆధారం, పద్దెనిమిదేళ్ల లోపువారు చూడకూడదన్న ఎన్‌సీ-17 ముద్ర. అది నవల అని రచయిత్రి మొదటే చెప్పారు. జీవిత చరిత్ర కాదని దర్శకుడూ అన్నాడు. కల్పన అన్నాక మళ్లీ గొడవేమిటి అన్నది వాళ్ల వాదన.

గొడవ అక్కడే ఉంది. కల్పన అయితే పేరు కూడా కల్పించి ఉండాల్సింది. హీరోయిన్‌కి ఏ మేరీ అనో, ఏ నాన్సీ అనో పేరు పెట్టి ఇదే కథ తీస్తే మాకేం అభ్యంతరం ఉండేది కాదు. నెట్‌ఫ్లిక్స్ దాన్ని కొనేది కాదన్నది వేరే మాట. పోస్టర్ మీద మన్రో ముఖం కావాలి, ఆమె గౌను కావాలి, ఆమె జుట్టు రంగు కావాలి, ఆ పేరు చూసి టికెట్ కొనే, బటన్ నొక్కే జనం కావాలి. నిజం మాత్రం అక్కర్లేదు. అడిగితే జేబులోంచి 'కల్పన' అనే చీటీ తీసి చూపిస్తారు. ఆ చీటీ చెల్లుతుందని ఆస్కార్ ఓటర్లు ఇప్పుడు ముద్ర వేశారు. మా భయమంతా ఆ ముద్ర గురించే.

చీటీ చాటున ఏం జరిగిందో ఒకటి రెండు చూద్దాం. చార్లీ చాప్లిన్ పెద్దకొడుకు చార్లెస్ జూనియర్‌ను సినిమాలో మన్రో ప్రియుడిగా చూపించారు. అంతవరకు సరే, ఆ ఇద్దరికీ పరిచయం ఉందని చాలామంది రాశారు. కానీ సినిమాలో అతడు ఆమెకంటే ముందే చనిపోతాడు. ఆమె తండ్రి పేరుతో వస్తున్న ఉత్తరాలన్నీ తానే రాశానని ఒక చీటీలో రాసి పోతాడు. ఆ దెబ్బకు ఆమె కుప్పకూలుతుంది, సినిమా చివరి దుఃఖమంతా దాని మీదే నిలబడింది. అసలు మనిషి చనిపోయింది 1968లో, అంటే ఆమె పోయిన ఆరేళ్ల తర్వాత. ఇది మరిచిపోయి చేసిన తప్పు కాదు. ఆమె చావుకు కారణం కావాలి, కాబట్టి ఒక మనిషిని ముందే చంపేశారు.

రెండోది ఇంకా దారుణం. సినిమాలో ఆమె కడుపులోని పిండం మాట్లాడుతుంది. పోయినసారిలా ఈసారి నన్నేమీ చేయవుగా అని తల్లిని నిలదీస్తుంది. స్టూడియో వాళ్లు ఆమెకు బలవంతంగా అబార్షన్ చేయించారని కథ. దానికి ఆధారం లేదు. ఆధారం ఉన్నది ఏమిటంటే, మన్రోకి ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) ఉంది, నెలనెలా నరకం చూశారు, 1957 ఆగస్టులో గర్భసంచి బయట పిండం పడి న్యూయార్క్‌లో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. పిల్లలు కావాలని తపించి, కడుపు నిలవక కుమిలిన మనిషిని పట్టుకుని, పిండం చేత 'నన్ను చంపావు' అన్నట్టు మాట్లాడించారు. అదీ అమెరికా సుప్రీంకోర్టు అబార్షన్ హక్కును కొట్టేసిన మూడు నెలలకే. అక్కడ అబార్షన్, కుటుంబ నియంత్రణ సేవలు అందించే ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ సంస్థ ఊరికే మండిపడలేదు.

ఇక స్టూడియో అధిపతి గదిలో అత్యాచారం, అమెరికా అధ్యక్షుడి హోటల్ గదిలోకి ఇద్దరు మనుషులు ఆమెను దాదాపు మోసుకెళ్లడం, ఇవన్నీ కెమెరా తాపీగా చూస్తుంది. హాలీవుడ్ దుర్మార్గాన్ని బయటపెట్టామని అంటారు. బయటపెట్టింది వీళ్లా? 1953 జనవరిలో, పేరు వస్తున్న రోజుల్లోనే, అవకాశాలు ఎర వేసి ఆడపిల్లల మీద పడే 'తోడేళ్ల' గురించి ఒక సినిమా పత్రికలో మన్రో పేరుతోనే వ్యాసం వచ్చింది. మీటూ అన్న మాట పుట్టడానికి అర్ధ శతాబ్దం ముందు సంగతి ఇది. నోరున్న మనిషి, ధైర్యం ఉన్న మనిషి. సినిమాలో ఆమెకు దక్కింది ఏడుపు, 'డాడీ' అన్న పిలుపు, అంతే.

వదిలేసినదాన్ని చూస్తే ఉద్దేశం తేటతెల్లమవుతుంది. 1954లో ఫాక్స్ స్టూడియో ఇచ్చిన కథ నచ్చక మన్రో షూటింగ్‌కు వెళ్లలేదు. సస్పెండ్ చేశారు. ఆ ఏడాది చివర లాస్ ఏంజెలిస్ వదిలి న్యూయార్క్ వెళ్లిపోయారు. ఫొటోగ్రాఫర్ మిల్టన్ గ్రీన్‌తో కలిసి సొంత నిర్మాణ సంస్థ పెట్టారు. పేరు మార్లిన్ మన్రో ప్రొడక్షన్స్, 51 శాతం వాటా ఆమెదే. పత్రికలు నవ్వాయి. ఈ పిల్లకు కంపెనీ ఏమిటి అని వెటకారాలు రాశాయి (మా వృత్తివాళ్లే, ఒప్పుకోవాలి). ఆమె యాక్టర్స్ స్టూడియోలో లీ స్ట్రాస్‌బర్గ్ దగ్గర నటన నేర్చుకుంటూ కూర్చున్నారు. ఏడాది తిరగకుండా ఫాక్స్ దిగొచ్చింది. 1955 చివర్లో కొత్త కాంట్రాక్టు: ఏడేళ్లలో నాలుగే సినిమాలు, ఒక్కోదానికి లక్ష డాలర్లు, దర్శకుడు ఎవరో ఆమె ఒప్పుకోవాలి, కథ ఆమె ఒప్పుకోవాలి, కెమెరామెన్‌ను కూడా ఆమె ఒప్పుకోవాలి. స్టూడియోలు తారలను పాలేర్ల మాదిరి కట్టేసుకున్న కాలంలో, ముప్పై ఏళ్లు నిండని ఒక అమ్మాయి సాధించిన కాంట్రాక్టు అది. బ్రిటిష్ నటుడు లారెన్స్ ఒలివియర్‌ను దర్శకుడిగా పెట్టుకుని ఆ సంస్థ తీయగా 1957లో వచ్చిన చిత్రానికి యజమాని ఆమే. ఇంత నాటకీయత ఉన్న ఘట్టం రెండుమ్ముప్పావు గంటల్లో ఎక్కడా లేదు. ఎందుకంటే అందులో ఆమె గెలిచింది. ఈ దర్శకుడికి గెలిచిన మన్రోతో పనిలేదు.

మందులు మింగలేదా, డిప్రెషన్ లేదా అంటే ఉంది. తల్లి గ్లాడిస్ మానసిక వ్యాధితో ఆస్పత్రి పాలైతే, ఆ పాప పెంపుడిళ్లలోనూ, అనాథాశ్రమంలోనూ పెరిగిన మాట నిజం. పదహారేళ్లకే పెళ్లి చేసిన మాట నిజం. మూడు పెళ్లిళ్లూ నిలవలేదు. 1962 ఆగస్టులో, 36 ఏళ్లకే, నిద్రమాత్రలు ఎక్కువై చనిపోయిన మాట నిజం. నిజంలోనే ఇంత దుఃఖం ఉండగా ఇంకా కల్పించాల్సిన అవసరం ఏం వచ్చిందనే మేం అడుగుతున్నది.

కళాకారుడికి స్వేచ్ఛ ఉండాలి, అనా డె అర్మాస్ ప్రాణం పెట్టి నటించారు, ఆమెకు రావాల్సిన గుర్తింపు ఆపకూడదు అనేవాళ్లున్నారు. నటనకు వంక పెట్టడం లేదు. సినిమాను నిషేధించాలని కూడా మేం అడగం. నిషేధాలతో ఈ దేశంలో ఏం జరుగుతుందో చూస్తూనే ఉన్నాం. కానీ నిషేధించకపోవడం వేరు, పీట వేసి కూర్చోబెట్టడం వేరు.

ఎందుకంటే ఇలాంటివాటికి దారి అప్పటికే సగం వేసి ఉంది. 2017లో 'ఫ్యూడ్' అనే అమెరికా సీరీస్‌లో తన పాత్ర చేత అనని మాటలు అనిపించారని, సొంత చెల్లెలిని తిట్టించారని పాతతరం హాలీవుడ్ నటి ఒలీవియా డి హావిలాండ్ కోర్టుకెక్కారు. నూట ఒకటో పుట్టినరోజుకు సరిగ్గా ఒక రోజు ముందు. 1944లో వార్నర్ బ్రదర్స్‌ను కోర్టులో ఓడించి, స్టూడియోల కాంట్రాక్టు సంకెళ్లు తెంచిన మనిషి ఆమె. ఆ తీర్పును ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు. అంతటి మనిషి, బతికుండగా, స్వయంగా వెళ్లి అడిగితే కాలిఫోర్నియా అప్పీలు కోర్టు 2018లో కేసు కొట్టేసింది. సుప్రీంకోర్టు విననే లేదు. బతికున్నవాళ్లకే దిక్కులేనప్పుడు, చచ్చిపోయి అరవై ఏళ్లయిన, పిల్లలు లేని మన్రో తరఫున ఎవరు అడుగుతారు? చచ్చినవాళ్లకు పరువునష్టం ఉండదన్నది అక్కడి చట్టం. చట్టం కాపాడనప్పుడు మిగిలేది తోటివాళ్ల సిగ్గు ఒక్కటే. ఆస్కార్ ఓటర్లు తీసి గట్టున పెట్టింది దాన్నే.

ఇదేదో అమెరికా గొడవ అనుకోవద్దు. జయలలిత మీద సినిమా ఆపాలని మేనకోడలు వెళ్తే, గోప్యత హక్కు మనిషితోనే పోతుంది, వారసత్వంగా రాదని 2021లో మద్రాసు హైకోర్టు తేల్చింది. ఏలూరు దగ్గర కొవ్వలిలో పుట్టిన సిల్క్ స్మిత జీవితాన్ని 2011లో హిందీలో ఎలా వాడుకున్నారో గుర్తుంది కదా. ఆమె పుట్టినరోజు నాడే విడుదల చేశారు, ఇంటివాళ్లు అభ్యంతరం చెబితే అది ఆమె కథే కాదన్నారు. స్మిత దగ్గర బతుకు తీసుకుని పేరు వదిలేశారు, మన్రో దగ్గర పేరు తీసుకుని బతుకు వదిలేశారు. సావిత్రి అదృష్టవంతురాలు. 'మహానటి' ప్రేమతో తీసిన సినిమా. అయినా జెమినీ గణేశన్ కూతురు తన తండ్రిని తప్పుగా చూపారని బాధపడ్డారు. ప్రేమతో తీస్తేనే ఇన్ని చిక్కులుంటే, రేపు ఎవడో 'కల్పన' చీటీ పట్టుకుని సావిత్రి పేరుతో 'బ్లాండ్' లాంటిది తీసి, ఆస్కారే మెచ్చింది మీరెవరు అంటే ఏం చెబుతాం? అంత దాకా ఎందుకు, సావిత్రి చివరి రోజులంటూ యూట్యూబ్‌లో పెట్టే థంబ్‌నెయిళ్లు చూడండి. వాటిని తెరిచి చూసేది మనమే.

మన్రోను అమ్ముకోవడం ఈ సినిమాతో మొదలు కాలేదు. 1949లో డబ్బులేక 50 డాలర్లకు నగ్నంగా ఫొటోలు దిగారు. ఆ ఫొటో హక్కు కొనుక్కుని హ్యూ హెఫ్నర్ 1953లో ప్లేబాయ్ తొలి సంచిక నడిపించాడు, ఆమెకు పైసా ముట్టలేదు. అది చాలదన్నట్టు వెస్ట్‌వుడ్ శ్మశానంలో ఆమె పక్క గూడు కూడా కొనుక్కుని 2017లో అందులోనే చేరాడు. 2022 మే నెలలో ఆమె బొమ్మ గీసిన ఆండీ వార్హోల్ చిత్రం 19.5 కోట్ల డాలర్లు పలికింది, మన లెక్కలో పదిహేను వందల కోట్ల రూపాయల పైమాటే. అదే నెలలో ఆమె కెనడీ పుట్టినరోజు వేడుకలో వేసుకున్న గౌనును ఒక టీవీ తార తొడుక్కుని ఫొటోలు దిగింది. సెప్టెంబరులో ఈ సినిమా. వీటన్నిటిలో దేనికీ ఆమెను అడగాల్సిన పని పడలేదు.

అకాడమీ వారికి ఒక్క మాట. బతికుండగా మార్లిన్ మన్రోకు మీరు ఒక్క నామినేషన్ ఇవ్వలేదు. ఒక్కటంటే ఒక్కటి. ఆమె వేషం కట్టినందుకు 2012లో మిషెల్ విలియమ్స్‌కి ఇచ్చారు, ఇప్పుడు అనా డె అర్మాస్‌కి ఇచ్చారు. గాయని, నటి జూడీ గార్లండ్‌ను చిన్నప్పుడు పిల్లల అవార్డుతో సరిపెట్టి, పెద్దయ్యాక రెండుసార్లు నామినేట్ చేసి ఉత్తచేతులతో పంపారు. ఆమె చివరి రోజుల కష్టాలు నటించిన రెనీ జెల్‌వెగర్‌కు 2020లో పిలిచి మరీ ఆస్కార్ కట్టబెట్టారు. మనిషికి ఇవ్వంది ఆమె కన్నీళ్ల నకలుకు ఇవ్వడం మీకు అలవాటైపోయింది.

తీరిక ఉంటే 'సమ్ లైక్ ఇట్ హాట్' ఒకసారి వేసుకుని చూడండి. రైల్లో యుకులేలే వాయిస్తూ, నడవా ఇరుకులో ఆ చివరి నుంచి ఈ చివరికి ఊగుతూ పాడే ఆ అమ్మాయిని చూడండి. నవ్వించడం ఎంత కష్టమో తెలిసిన మనిషి పని అది. 1960లో ఆ సినిమాకు మీరు ఆరు నామినేషన్లు ఇచ్చారు. దర్శకుడికి ఇచ్చారు, జాక్ లెమన్‌కు ఇచ్చారు, కెమెరాకు ఇచ్చారు, సెట్లకు ఇచ్చారు. చివరికి దుస్తులకు ఆస్కారే ఇచ్చారు. అందులో ఆమె తొడుక్కున్న గౌన్లూ ఉన్నాయి. తొడుక్కున్న మనిషి మాత్రం ఆ జాబితాలో లేదు.