చీర ధర దాచినా సరే, అప్పు దాచొద్దు

దసరా దాటిన తొలి మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను. ఆ రోజుల్లో బట్టల కొట్లో బేరం ఒక ఎత్తు, ఇంటికెళ్లాక చెప్పే ధర ఇంకో ఎత్తు. రెండు వేల చీర గుమ్మం దాటేసరికి పన్నెండు వందలవుతుంది. మగవాళ్లేం తక్కువ తినలేదు. ఫ్రెండ్స్‌తో కూర్చున్న బిల్లు ‘వాడే ఇచ్చాడు’ అవుతుంది, కొత్త ఫోను ‘ఆఫర్లో వచ్చింది’ అవుతుంది. ఇవి ఇంట్లో రెండోవాళ్లకు తెలియవా? చాలావరకు తెలుసు. తెలిసీ ఊరుకుంటారు.

ఆలుమగల మధ్య డబ్బు దగ్గర దాపరికం ఉండకూడదని సలహా ఇచ్చేవాళ్లు ఈ చీరనూ, తాకట్టులో ఉన్న గొలుసునూ ఒకే గాటన కట్టేస్తారు. నాకు పేచీ అక్కడే. చీర డబ్బు ఖర్చయిపోయింది, ఆ లెక్క అక్కడితో సరి. అప్పు అలా కాదు. రోజూ పెరుగుతుంది, తెచ్చింది ఒకరైనా మోసేది ఇద్దరూ.

మా వైపు ఊళ్లలో చేబదులు దాటిందంటే నోటు రాయాల్సిందే. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటారు, వినడానికి రెండు రూపాయలే. అది నెలకు. ఏడాదికి 24 శాతం, లక్షకు నెలకు రెండు వేలు. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు కాబట్టి, గడువు దగ్గరపడగానే అప్పిచ్చినాయన వడ్డీని అసల్లో కలిపి కొత్త నోటు రాయించుకుంటాడు. మధ్యలో ఏమీ కట్టకపోతే లక్ష కాస్తా 1,72,000 అయి కూర్చుంటుంది. ఇంకో మూడేళ్లు గుట్టుగా లాగితే దాదాపు మూడు లక్షలు. మొదటి ఏడాదే చెప్పుంటే గేదెను అమ్మో, చీటీ పాడుకునో తీర్చుకునే అప్పు ఆరేళ్లకు ఇంటి మీదకు వస్తుంది.

చట్టం ప్రకారం భర్త రాసిన నోటు మీద భార్య సంతకం లేకపోతే ఆమె సొంత ఆస్తి జోలికి రాలేరు. అతను పోతే, అతని నుంచి సంక్రమించిన ఆస్తి మేరకే వారసుల బాధ్యత. కానీ పెద్దమనుషుల దగ్గర ఈ తేడా ఎవరు చూస్తారు? అతను చెన్నైలో పనిలోనో, గుజరాత్ వీరావల్లో బోటు మీదో ఉంటాడు. అప్పిచ్చినాయన వచ్చి అరుగు మీద కూర్చుంటే జవాబు చెప్పుకునేది ఇంట్లో ఉన్న మనిషే. నోటు సంగతి ఆమెకు తెలిసేది కూడా చాలాసార్లు అప్పుడే.

ఆడవాళ్ల దాపరికం సంగతి వేరు. 2016 నవంబర్ 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాయని తెలిశాక బియ్యం డబ్బా అడుగు నుంచి, పాత చీరల మడతల్లోంచి ఎంత డబ్బు బయటికొచ్చిందో గుర్తుండే ఉంటుంది. గృహిణులు 2.5 లక్షల వరకు బ్యాంకులో వేసుకున్నా ప్రశ్నించబోమని కేంద్రమే చెప్పాల్సి వచ్చింది. ‘నా దగ్గరే దాస్తావా’ అని నిష్ఠూరమాడిన మగవాళ్లున్నారు. అంతకుముందు పిల్లాడి ఫీజుకు అదే డబ్బు ఆదుకున్నప్పుడు, ఎక్కడిదని వాళ్లు అడగలేదు.

దీన్ని నేను మోసమనను. అడిగితే ఇవ్వరన్న భయం, ఇచ్చినా నలుగురిలో దెప్పుతారన్న బెరుకు, ఉందని తెలిస్తే మందుకో పేకాటకో పోతుందన్న అనుమానం కలిసి ఆ డబ్బాలోకి చేరాయి. నిజం చెబితే తిట్లు పడే ఇంట్లో నిజాయితీ కోరడం పెత్తనం చెలాయించడమే.

ఫోన్లొచ్చాక ఆ డబ్బా కూడా పోయింది. పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కల పనికెళ్లే ఆవిడను తీసుకోండి. ఖాతా ఆమెదే. ఖాతాకు ఇచ్చిన నంబర్ మాత్రం చాలా ఇళ్లలో భర్తదో, కొడుకుదో. ఇక్కడ ఐదొందలు తీస్తే హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉన్న ఆయన జేబులో ఫోన్ మోగుతుంది. ‘ఏటే, అయిదొందలు తీసీసినావట?’ అని ఆయన. ‘పిల్లకి జెరమొచ్చింది’ అని ఈమె సంజాయిషీ. ఆయన ఫోన్‌పేలో ఎవరికెంత కొట్టాడో ఈమెకు మెసేజ్ రాదు. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్‌తో ఒకరి ఖాతా నుంచి ఇంకొకరు నెలకు 15,000 వరకు ఖర్చు పెట్టుకోవచ్చు, ప్రతి చెల్లింపూ ఖాతాదారుకు కనబడుతుంది. సౌకర్యమే, కాదనను. కాకపోతే అక్కడా చూసేది ఒకరు, కనబడేది ఒకరు.

డ్వాక్రా అప్పుది ఇంకో తిరకాసు. అప్పు ఆమె పేరు మీద, వాయిదా తప్పితే సంఘం నిలదీసేదీ ఆమెనే. డబ్బు మాత్రం ఆయన ఆటో ఫైనాన్స్‌కు పోతుంది. దీనికి అడ్డంగా ఇంకో రకం కూడా ఉంది: సంఘంలో అందరికీ తెలిసిన అప్పు ఇంట్లో ఆయనకు తెలియదు.

ఎక్కువగా దాచేది విలాసాలనుకుంటాం గానీ, నా ఉద్దేశంలో పుట్టింటికి ఇచ్చేదే ఎక్కువ దాస్తారు. ఈమె తమ్ముడి కాలేజీ ఫీజు, ఆయన చెల్లెలి పురుడు. రెండూ రహస్యమే. ఆయన అమ్మానాన్నలకు పంపితే బాధ్యత, ఈమె వాళ్లమ్మకు మందులు కొంటే దుబారా అన్న లెక్క నడిచే ఇంట్లో ఈ గుట్టు పోదు.

2024 జులైలో సుప్రీంకోర్టు ఒక భరణం కేసు తీర్పులో, ఇంటిపట్టున ఉండే భార్యకు ఉమ్మడి ఖాతా, ఏటీఎం కార్డు అందుబాటులో ఉంచడం గురించి భర్తలకు గుర్తుచేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో, పెళ్లిలో, ఆ తర్వాత ఆమెకు పెట్టిన నగలూ డబ్బూ, అంటే స్త్రీధనం, ఉమ్మడి ఆస్తి కాదనీ, భర్త కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందేననీ చెప్పింది. పది గ్రాముల బంగారం లక్ష దాటిన ఈ రోజుల్లో ‘వారంలో విడిపిస్తా’ అంటూ గొలుసు పట్టుకెళ్లేవాళ్లు ఈ రెండో తీర్పు చదవాలి.

కాబట్టి లెక్క చెప్పక్కర్లేని డబ్బు కొంత ఇద్దరి చేతిలోనూ ఉండాలి. ఒక్క జీతం మీద బతికే ఇంట్లో అదెలా అంటారా? నెలకు మూడొందలే కానివ్వండి, ఇద్దరికీ సమానంగా. ఆ డబ్బుతో చీర కొన్నా, సిగరెట్లు తాగినా అడగొద్దు. అప్పు, తాకట్టు, హామీ సంతకం మాత్రం రెండోవాళ్లకు చెప్పకుండా జరగకూడదు. హామీ సంతకాన్ని మనవాళ్లు ఖర్చు కింద లెక్కేయరు, స్నేహం కింద లెక్కేస్తారు. కాంట్రాక్టు చట్టం మాత్రం అసలు అప్పు చేసినవాడితో సమానంగా బాధ్యుణ్ని చేస్తుంది.

ఈ మాటలు పెళ్లికి ముందే నడిస్తే మేలు. సంబంధం కుదిరేటప్పుడు ఎకరాలు అడుగుతాం, జీతం స్లిప్పు చూస్తాం. అప్పుల ఊసు ఎవరూ ఎత్తరు. ఎవరు ఎంత అప్పు తీసుకున్నారో, ఎలా కడుతున్నారో లెక్క పెట్టే సిబిల్ లాంటి సంస్థలు ఏడాదికోసారి ఎవరి రిపోర్టు వాళ్లకు ఉచితంగా ఇస్తాయి. ఇరువైపులా అది చూపించుకోవడంలో నామోషీ ఏమీ లేదు. అయితే ఊళ్లో రాసిన నోట్లూ, పాడేసిన చీటీలూ అందులో ఉండవు. అవి ఎవరివి వాళ్లు నోటితో చెప్పుకోవాల్సిందే.